ఇంటి వెనక మొలిచిన మల్బరీ ఇక్కడి నేటివ్ ఎర్ర మల్బరీయేనా? గుర్తుపట్టడం, పెంచడం గురించి

పెరటిచెట్టు (ఒహాయో)

అందరికీ నమస్తే. మా ఇంటి వెనక ఫెన్స్ పక్కన ఒక మల్బరీ చెట్టు ఉందండి, ఇల్లు కొన్నప్పటికే ఉంది, ఎవరూ నాటింది కాదు, పిట్టలు వేసిన గింజకి మొలిచినట్టుంది, ఇప్పుడు మేడ మీద కిటికీ ఎత్తుకి వచ్చేసింది. జూన్ వచ్చిందంటే కాయలు ముందు ఎర్రగా తర్వాత నల్లగా అవుతాయి, పిల్లలు పొద్దస్తమానం దాని కిందే. ఇప్పుడు గొడవేంటంటే పక్కింటాయన ఇది కలుపు చెట్టు, కొట్టించెయ్ అంటాడు, ఎదురింటావిడేమో ఇది ఇక్కడి నేటివ్ రెడ్ మల్బరీ, తక్కువైపోతోంది, ముట్టుకోవద్దు అంటుంది. ఏది నిజమో తేల్చుకోవాలి.

కాయ ఎర్రగా ఉంది కాబట్టి రెడ్ మల్బరీ అనుకోవచ్చా? ఆకులు కొన్ని మామూలుగా తమలపాకు షేపులో ఉన్నాయి, కొన్ని చీలికలుగా ఉన్నాయి, ఒకే చెట్టుకి రెండు రకాలూ ఉన్నాయి. ఒకవేళ ఇది నేటివ్ కాదని తేలితే అసలైనది ఒకటి తెచ్చి పెంచాలని నాకూ మా ఆవిడకీ ఇద్దరికీ ఉంది. గింజ వెయ్యాలా, మొక్క కొనాలా, ఎన్నేళ్ళకి కాస్తుంది, ఏదైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

హిందూపురం_పిల్లోడు (న్యూజెర్సీ)

బ్రదర్, మా ఊరి పక్కన అంతా రేష్మి తోటలే, పట్టుపురుగులకి ఆకు కోస్తా పెరిగినోళ్ళం. ముందు ఎర్రగా వచ్చి తర్వాత నల్లగా అయ్యే కాయ మా దగ్గర కూడా అదే. తోటల్లో మొక్కని మోకాలెత్తుకి కొట్టేస్తారు కాబట్టి కాయలు పెద్దగా కనపడవు కానీ గట్టు మీద వదిలేసిన చెట్లకి కాస్తాయి బాగా. చీలిన ఆకులు కూడా ఉంటాయి. నువ్వు చెప్పింది వింటా ఉంటే అచ్చం మన ఊరి చెట్టు మాదిరే ఉంది నాకైతే.

మట్టివాసన (నార్త్ కరోలినా)

పెరటిచెట్టు గారూ, హిందూపురం తమ్ముడు చెప్పినదాంట్లోనే మీకు సగం జవాబు ఉంది. కాయ రంగు చూసి రెడ్ మల్బరీ అని అస్సలు అనుకోవద్దు. ఎక్కువమంది పొరబడేది అక్కడే.

ఇక్కడ తూర్పు అమెరికాలో మామూలుగా మనకి ఎదురయ్యేవి రెండు. ఒకటి మోరస్ రూబ్రా, అంటే ఎర్ర మల్బరీ, ఇదే ఇక్కడి సొంత చెట్టు. కెనడా ఒంటారియో దక్షిణం కొస నుంచి ఫ్లోరిడా దాకా, పడమటికి మధ్య టెక్సస్ దాకా దీని ఇలాకా. రెండోది మోరస్ ఆల్బా, తెల్ల మల్బరీ, చైనా నుంచి తెచ్చింది, మన పట్టు తోటల మొక్కలు కూడా దాని కుటుంబమే. పేరు తెల్ల మల్బరీ అయినా దాని కాయ తెల్లగా ఉండొచ్చు, గులాబీగా ఉండొచ్చు, ఎర్రగా, ఊదాగా, నల్లగా కూడా ఉండొచ్చు. ఎర్ర మల్బరీ కాయ కూడా పండితే ఎర్రగా ఉండదు, నలుపు కలిసిన ఊదా అవుతుంది. కాబట్టి రెండు చెట్ల కింద రెండు బుట్టలు పెట్టి చూసినా కాయని బట్టి చెప్పలేం. తెల్ల కాయ కాస్తే మాత్రం అది రూబ్రా కాదని గట్టిగా చెప్పొచ్చు, అంతవరకే.

చూడాల్సింది ఆకు. అది కూడా ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు. నరికిన మొదలు నుంచి వచ్చిన చిగుళ్ళు, కింద వేర్ల దగ్గర వచ్చిన పిలకలు, లేత చెట్టు ఆకులు వదిలెయ్యండి, రెండు జాతుల్లోనూ అవి చీలికలుగానే వస్తాయి. ముదురు కొమ్మకి, కొంచెం నీడలో ఉన్న, పూర్తిగా ఎదిగిన ఆకులు ఓ పది కొయ్యండి. తర్వాత ఇలా చెయ్యండి.

పైభాగం మీద బొటనవేలితో రుద్దండి. ఎర్ర మల్బరీ అయితే గరగరలాడుతుంది, సన్న సాండ్ పేపర్ తగిలినట్టే. మెరుపు ఉండదు, డల్ గా ఉంటుంది. తెల్ల మల్బరీ ఆకు పైన నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. వెలుతురులో ఓరగా పట్టుకుని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆకు తిరగేసి అడుగు చూడండి. ఎర్ర మల్బరీకి అడుగంతా మెత్తటి నూగు ఉంటుంది, ఈనెల మీదే కాదు ఈనెల మధ్య ఖాళీలో కూడా. తెల్ల మల్బరీకి నూగు ఈనెల వెంబడి, ఈనెలు చీలే మూలల్లో కుచ్చుల్లాగా ఉంటుంది, మధ్యలో ఖాళీగా ఉంటుంది. చేతి భూతద్దం ఉంటే చాలా మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసినా సరిపోతుంది.

సైజు కూడా చూడండి కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఎర్ర మల్బరీ ఆకు పెద్దది, 5 అంగుళాలు దాటడం మామూలే, నీడలో ఇంకా పెద్దవి వస్తాయి, కొస సన్నగా సాగి ఉంటుంది. ముదురు చెట్టుకి చీలికలు లేని ఆకులే ఎక్కువ. తెల్లది సాధారణంగా చిన్నది, అంచు పళ్ళు కొంచెం మొద్దుగా ఉంటాయి.

ఈ టెస్టులు చేసి ఏం కనపడిందో రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా రంపం మాత్రం తియ్యకండి.

కరీంనగర్_అన్న (డల్లాస్)

మట్టివాసన గారు మంచిగ చెప్పిన్రు. దక్షిణం దిక్కు ఉన్నోళ్ళు ఇంకొకటి సుత చూస్కోవాలె. పేపర్ మల్బరీ అని ఒకటి ఉంటది, బ్రూసొనీషియా, అది గూడా ఆసియా నుంచి వచ్చిందే, ఇక్కడ రోడ్ల పక్కన గుంపులు గుంపులుగ మొలుస్తది. దాని ఆకు గూడా పైన గరుకు, కింద నూగు, గందుకే చానామంది దాన్ని చూసి నేటివ్ అనుకుంటరు. తేడా ఎట్ల పట్టాలంటే, మల్బరీకి ఆకులు కొమ్మకి ఒకటి ఇటు ఒకటి అటు మార్చి మార్చి వస్తయి, ఎదురెదురుగ రావు. పేపర్ మల్బరీకి ఒకే కొమ్మ మీద కొన్ని ఎదురెదురుగ వస్తయి. కొమ్మ కొసలకి గూడా నూగు మస్తుగుంటది. కాయ అయితే అసలు పోలికే లేదు, గుండ్రటి బంతికి నారింజ రంగు గింజలు బయటికి పొడుచుకొస్తయి.

మా టెక్సస్ ల ఇంకొక నేటివ్ గూడా ఉంది, టెక్సస్ మల్బరీ అంటరు, మోరస్ మైక్రోఫిల్లా. ఆకు చిన్నగుంటది, చెట్టు గూడా పొట్టిది, ఎండిన రాళ్ళ నేలల్ల పెరుగుతది. పడమర టెక్సస్, న్యూమెక్సికో, ఆరిజోనా దిక్కు ఉన్నోళ్ళకి అదే సొంత చెట్టు. ఒహాయో వాళ్ళకి అది లెక్కలోకి రాదు.

ఇంకోటి, బాస్‌వుడ్ చెట్టుని చూసి మల్బరీ అనుకునేటోళ్ళు గూడా ఉన్నరు. ఆకు తెంపి చూడున్రి, మల్బరీ అయితే తొడిమె కాడ పాలు కారుతయి. బాస్‌వుడ్ కి పాలుండవు, ఆకు మొదట్ల ఒక పక్క పెద్దగ ఒక పక్క చిన్నగ వంకరగ ఉంటది.

కొత్తమొక్క (వర్జీనియా)

ఫోటో తీస్తే యాప్ చెప్పేస్తుంది కదండీ, ఇంత కష్టం ఎందుకు? నేను ఐనాచురలిస్ట్ లో పెడితే రెడ్ మల్బరీ అని వచ్చింది మా దగ్గర పార్క్ లో చెట్టుకి.

మట్టివాసన (నార్త్ కరోలినా)

యాప్ మల్బరీ అనేవరకు నమ్మండి, ఏ మల్బరీ అన్నది మాత్రం నమ్మకండి. ఫోటోలో గరుకు కనపడదు, నూగు కనపడదు. ఫోటో పెట్టేటప్పుడు ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం దగ్గరగా ఒకటి, అంచు పళ్ళు ఒకటి, కొమ్మ ఒకటి పెడితే అక్కడ చూసే మనుషులు చెప్పగలరు. దూరం నుంచి చెట్టు మొత్తం తీసిన ఫోటోకి ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, నాతో సహా.

పెరటిచెట్టు (ఒహాయో)

మట్టివాసన గారూ థాంక్స్ అండి, చాలా ఓపిగ్గా రాశారు. మీరు చెప్పినట్టే నీడ వైపు ముదురు కొమ్మ ఆకులు కోసి చూశాం. పాలు కారాయి. ఎదురెదురు ఆకులు లేవు. పైభాగం కొంచెం గరుకుగానే ఉంది కానీ మరీ సాండ్ పేపర్ అంత కాదు, ఎండలో కొంచెం మెరుస్తోంది కూడా. అడుగున ఈనెల మీద నూగు బాగా ఉంది, మధ్యలో అక్కడక్కడా పలచగా ఉంది, పూర్తిగా లేదనలేం, ఉందనీ అనలేం. సైజు 4 నుంచి 6 అంగుళాలు. ఇదేంటి మరి, అటూ కాదు ఇటూ కాదు?

ఒంటారియో_తెలుగు

అటూ ఇటూ కాదంటే సంకరం అండి. హైబ్రిడ్. మీ చెట్టు తల్లి ఎర్రది తండ్రి తెల్లది అవ్వొచ్చు, లేదా ఒకసారి కలిసిన సంకరం మళ్ళీ తెల్లదాంతో కలిసి ఉండొచ్చు. ఆకు చూసి అంతకంటే ముందుకి వెళ్ళలేం, డీఎన్ఏ టెస్ట్ ఒక్కటే తేలుస్తుంది.

ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. కెనడాలో ఎర్ర మల్బరీ ఉండేదే ఈ దక్షిణ ఒంటారియోలో కొద్దిచోట్ల, నయాగరా వైపు, పాయింట్ పెలీ, పెలీ ద్వీపం లాంటి చోట్ల. ఇక్కడ దాన్ని ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు. అమెరికాలో కూడా కనెక్టికట్, మసాచుసెట్స్ లో ఎండేంజర్డ్, మిషిగన్, వెర్మాంట్ లో త్రెటెన్డ్, అంటే దానికి ఒక మెట్టు కింద. అడవులు నరికి పొలాలు చేసింది ఒక కారణం, కానీ రెండో కారణం ఇంకా పెద్దది. ఈ చెట్ల పుప్పొడి గాలికి ఎగురుతుంది. చుట్టూ తెల్ల చెట్లు వందలు ఉండి మధ్యలో ఎర్ర చెట్టు ఒకటో రెండో ఉంటే గాలిలో ఉండేదంతా తెల్లదాని పుప్పొడే. ఆడ ఎర్ర చెట్టుకి కాయలు బాగానే కాస్తాయి, చూసేవాళ్ళకి చెట్టు ఆరోగ్యంగా ఉంది, పిట్టలు తింటున్నాయి అనిపిస్తుంది, కానీ ఆ కాయల్లో గింజలు సంకరం గింజలు. తల్లి చెట్టు ముసలిదై పడిపోయాక దాని చోట మొలిచేది ఎర్ర మల్బరీ కాదు. ఎవరూ గొడ్డలి ఎత్తకుండానే జాతి కరిగిపోతుంది. దీని మీద గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్ళు చాలా పని చేశారు. పార్కుల్లో కొన్నిచోట్ల ఎర్ర చెట్ల చుట్టుపక్కల తెల్ల, సంకరం చెట్లని తీసేస్తున్నారు కూడా.

తెల్ల మల్బరీ పుప్పొడి మామూలుది కాదండి, దాని మగపువ్వు పేలినట్టు తెరుచుకుని పుప్పొడిని విసురుతుంది. 2006లో కొలిస్తే ఆ వేగం శబ్దం వేగంలో సగం కంటే ఎక్కువ వచ్చింది, మొక్కల్లో ఇంత వేగంగా కదిలేది ఇంకోటి తెలీదు.

హిందూపురం_పిల్లోడు (న్యూజెర్సీ)

అన్నా ఇది చదివినాక నాకు ఒక విషయం రాయాలనిపిస్తాంది. తెల్ల మల్బరీ ఈ దేశంలోకి వచ్చిందే పట్టు కోసం. 1619లో వర్జీనియా అసెంబ్లీ ప్రతి మనిషీ ఏడేళ్ళ పాటు ఏడాదికి ఆరు మల్బరీ మొక్కలు నాటాలని చట్టం చేసినారు. ఇంగ్లీషువాళ్ళు దిగినప్పుడే ఇక్కడ అడవుల్లో ఎర్ర మల్బరీ చెట్లు బాగా ఉన్నాయి, అది చూసే పట్టు తియ్యొచ్చని ఆశపడినారు. కానీ పురుగుకి ఎర్ర మల్బరీ ఆకు పనికిరాదు. మా నాయన ఆకు చేత్తో ముట్టి చెప్పేవాడు, ముదిరి గరుకైతే పురుగు మెయ్యదు, పెరగదు అని. ఎర్ర మల్బరీ ఆకు పుట్టుకతోనే గరుకు, ఇంక పురుగు ఏం మేస్తాది. అందుకే తెల్లదాన్ని తెప్పించినారు. 1733లో జార్జియా కాలనీ పెట్టినప్పుడు సవానాలో తోట వేసి మరీ మల్బరీ పెంచినారు. మళ్ళీ 1830ల్లో మోరస్ మల్టికాలిస్ అనే రకం మీద జనం పిచ్చి పట్టినట్టు డబ్బులు పెట్టినారు, మొక్కలు కొనడం అమ్మడం, రేట్లు ఎక్కడికో పోయినాయి, 1839కల్లా అంతా కుప్పకూలిపోయింది. పట్టు పోయింది, చెట్లు మాత్రం మిగిలినాయి, పిట్టలు గింజలు పంచినాయి. పెరటిచెట్టు అన్న ఇంటి వెనక చెట్టు కత కూడా వెనక్కి పోతే అక్కడికే పోతాది.

లక్ష్మీతోట (మిషిగన్)

ఇదంతా చదివి పెరటిచెట్టు గారు రేపే చెట్టు కొట్టించేస్తారేమో అని భయమేస్తోంది నాకు. వద్దండీ. సంకరమైనా ఏళ్ళ తరబడి పెరిగిన చెట్టు, రాబిన్లు, కార్డినల్స్, క్యాట్‌బర్డ్స్, సీడార్ వాక్స్‌వింగ్స్ అన్నీ దాని మీదే ఉంటాయి జూన్ నెలంతా. పిల్లలు తింటున్నారు. కొట్టేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది, జాతి ఏమీ తిరిగి రాదు. మా ఇంట్లో కూడా అలాంటిదే ఉంది, నేను కొట్టించను.

ఒంటారియో_తెలుగు

లక్ష్మి గారూ, మీ మాట కాదనను కానీ దగ్గర్లో అసలైన ఎర్ర మల్బరీ ఉంటే లెక్క మారుతుంది. ఆ చెట్టుకి రెండు మూడు వీధుల అవతల సంకరం ఉంచుకోవడం అంటే దాని పిల్లలన్నిటినీ సంకరం చెయ్యడమే. మగ చెట్టయితే మరీను.

మట్టివాసన (నార్త్ కరోలినా)

ఇద్దరూ కరెక్టే, చోటుని బట్టి ఉంటుంది. నా అభిప్రాయం చెప్తాను. మీ దగ్గర అడవి పార్కో, వాగు పక్క చెట్ల వరసో ఉండి అందులో నిజమైన ఎర్ర మల్బరీ ఉందని స్థానిక నేటివ్ ప్లాంట్ సొసైటీ వాళ్ళో కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీస్ (తోటలు, పంటల మీద సలహాలిచ్చే ఆఫీసు) వాళ్ళో చెప్తే, అప్పుడు మీ సంకరం తియ్యడం గురించి ఆలోచించండి. అలాంటిదేమీ లేని ఇళ్ళ కాలనీ మధ్యలో అయితే ఉంచండి. ఫెన్స్ పక్కన, కరెంటు తీగల కింద కొత్తగా మొలిచే పిలకల్ని మాత్రం చిన్నప్పుడే వేర్లతో సహా పీకెయ్యండి, పైన కోస్తే మళ్ళీ వస్తాయి. పక్కింటాయన చెప్పింది కూడా పూర్తిగా తీసిపారేసేది కాదు, మల్బరీ వేర్లు గట్టివి, ఫెన్స్ కి ఆనుకుని మొదలు లావైతే ఇబ్బందే.

పెరటిచెట్టు (ఒహాయో)

అందరికీ చాలా థాంక్స్. ఇక్కడ రివర్ ప్రిజర్వ్, అంటే నది పక్కన కాపాడుతున్న అడవి, ఒకటి ఉంది దగ్గర్లో, అక్కడ పనిచేసే నేచురలిస్ట్ ని అడుగుతాం ముందు. ఇప్పటికైతే చెట్టు ఉంటుంది, పిల్లలు ఊరుకోరు కూడా.

మరి అసలైనది పెంచడం సంగతి? గింజ నుంచి పెంచితే మంచిదని మా ఆవిడ అంటోంది.

మట్టివాసన (నార్త్ కరోలినా)

గింజ నుంచి పెంచే ముందు రెండు సంగతులు తెలుసుకోండి, రెండూ ముఖ్యమే.

మొదటిది, ఎర్ర మల్బరీలో ఎక్కువగా ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, బొప్పాయిలో మగ చెట్టు వచ్చి ఏడిపించినట్టే. గింజ మొలకల్లో దాదాపు సగం మగవి వస్తాయి, పూత పూసేదాకా తెలీదు. గింజ నుంచి వచ్చిన చెట్టు కాపుకి రావడానికి పదేళ్ళు పట్టొచ్చు. అంటే పదేళ్ళు పెంచి మగది అని తెలుసుకునే ప్రమాదం ఉంది. ఒకే చెట్టుకి రెండు రకాల పూలూ రావడం కూడా ఉంది కానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

రెండోది ఒంటారియో గారు చెప్పిందే. మీరు గింజ తీసే తల్లి చెట్టు అసలైనదే అయినా చుట్టూ తెల్లవి ఉంటే గింజ సంకరమే. కాబట్టి తెల్ల మల్బరీ లేని అడవిలోంచి, అనుమతి తీసుకుని సేకరించిన గింజ అయితేనే ప్రయోజనం. అదైనా మొలక వచ్చాక మూడో ఏడు నుంచి ఆకు అడుగు చూసుకుంటూ ఉండాలి.

అందుకే కాయలు కావాలనుకునేవాళ్ళకి నా సలహా, నేటివ్ మొక్కలే పెంచే నర్సరీలో గింజ ఎక్కడ సేకరించారో చెప్పగలిగినవాళ్ళ దగ్గర కొనండి, లేదా తెలిసిన ఆడ చెట్టు కొమ్మతో అంటు కట్టింది తీసుకోండి. రెడ్ మల్బరీ అని ట్యాగ్ వేసి తెల్లదో సంకరమో అమ్మడం చాలా మామూలు, నాకు తెలిసిన ఒకావిడకి ఒక నర్సరీ అలాగే అంటగట్టింది. మొక్క చేతికిచ్చినప్పుడే ఆకు తిరగేసి చూడండి, సిగ్గుపడకండి. లేత మొక్కకి చీలికలు ఉన్నా ఫర్వాలేదు, గరుకూ నూగూ అప్పటికే తెలుస్తాయి.

కటింగ్స్ తో పెంచుదామంటే తెల్లది చాలా సులువుగా వేరు పోస్తుంది, ఎర్రది అలా కాదు, మొండికేస్తుంది. వేసవి మొదట్లో కొత్త చిగురు కొమ్మలకి రూటింగ్ హార్మోన్ పెట్టి, తేమ పోకుండా కవర్ కప్పి ప్రయత్నించొచ్చు, కొన్నే బతుకుతాయి. దానికంటే అంటు కట్టడం మేలు.

కరీంనగర్_అన్న (డల్లాస్)

అంటు గురించి ఒక మాట. ఎక్కువమంది తెల్ల మల్బరీ మొదలు మీదనే అంటు కడ్తరు, అది దొరుకుడు ఈజీ కాబట్టి. గప్పుడు అంటు కింద నుంచి వచ్చే పిలకలు తెల్లదాని పిలకలన్నట్టు, వాటిని ఎప్పటికప్పుడు తీసెయ్యాలె. రెండేళ్ళు చూస్కోకపోతే కిందది పైదాన్ని మింగేస్తది, మీరేమో ఎర్రదే పెరుగుతున్నదనుకుంటరు.

ఇంకోటి, ఫ్రూట్‌లెస్ మల్బరీ అని అమ్మేవి కొనకున్రి. అవి మగ తెల్ల చెట్లు. కాయ రాదు, చెత్త పడదు అని నాటుతరు, కానీ ఊరంతా పుప్పొడే. టూసాన్, లాస్ వేగాస్ దిక్కు ఎలర్జీల వల్ల కొత్తగ నాటుడు బంద్ పెట్టిన్రు.

కొత్తమొక్క (వర్జీనియా)

మేము టౌన్‌హోమ్ లో ఉంటాం, డెక్ మీద పెద్ద కుండీలో ఎర్ర మల్బరీ పెంచొచ్చా? ఇల్లినాయ్ ఎవర్‌బేరింగ్ అని ఒకటి చూశా ఆన్‌లైన్ లో, అది నేటివేనా?

మట్టివాసన (నార్త్ కరోలినా)

ఇల్లినాయ్ ఎవర్‌బేరింగ్ తెల్ల, ఎర్ర సంకరమండి. 1958లో బయటికి వచ్చింది. కాయలకి చాలా మంచిది, చలికి ఆగుతుంది, వారాల తరబడి కాస్తూనే ఉంటుంది, రుచి కూడా చప్పగా ఉండదు. తినడానికి పెంచుతాను అంటే బ్రహ్మాండంగా పెంచుకోండి, నేటివ్ కోసం అంటే అది కాదు. కుండీలో అసలైన ఎర్ర మల్బరీ వద్దు, అది 40, 50 అడుగులు ఎదిగే చెట్టు, ఇంకా పైకి వెళ్ళేవి కూడా ఉన్నాయి. కుండీలకి పొట్టి రకాలు వేరే దొరుకుతాయి, అవి ఆసియా జాతులవి.

లక్ష్మీతోట (మిషిగన్)

నాటే చోటు గురించి నేను రాస్తా, మా ఇంట్లో నేటివ్ నర్సరీ నుంచి తెచ్చిన ఎర్ర మల్బరీ ఉంది, నాటి చాలా ఏళ్ళయింది.

ఇది సహజంగా వాగుల పక్కన, లోయల్లో, పెద్ద చెట్ల నీడలో పెరిగే చెట్టు. నీడని తట్టుకుంటుంది కానీ కాయలు కావాలంటే రోజులో సగమైనా ఎండ తగలాలి. నేల తేమ పట్టి ఉంచాలి, నీళ్ళు నిలవకూడదు. బలమైన నేల అక్కర్లేదు, ఎరువులు గుమ్మరించొద్దు, ఆకు విపరీతంగా పెరిగి కాయ తగ్గుతుంది. మొదటి రెండు వేసవులు వారానికోసారి నిండా నీళ్ళు పెట్టండి, మొదలు చుట్టూ మూడంగుళాలు చెక్కపొట్టు పరవండి, కాండానికి ఆనించకుండా. లేత మొక్కని జింకలు బతకనివ్వవు, వైరు మెష్ తప్పనిసరి, మొక్క జింక మూతికి అందనంత ఎత్తు వచ్చేదాకా తియ్యకండి.

డ్రైవ్‌వే కి, నడిచే దారికి, బట్టలారేసే చోటికి, స్విమ్మింగ్ పూల్ కి దూరం. పాతిక అడుగులైనా వదలండి. కాయ మరక కాంక్రీట్ మీంచి పోదు, పిట్టల రెట్టలు కార్ల మీద సరేసరి. గడ్డి మీద పడేలా నాటితే ఏ బాధా లేదు.

కొమ్మలు కొయ్యడం చలికాలం చివర, ఆకు లేనప్పుడు మాత్రమే. చెట్టు మేలుకున్నాక కోస్తే పాలు కారుతూనే ఉంటాయి. రెండంగుళాల కంటే లావు కొమ్మ కోస్తే గాయం సరిగ్గా మానదు, అందుకే చిన్నప్పుడే షేప్ చేసుకోవాలి, తర్వాత చచ్చిన కొమ్మలు తీసుకుంటే చాలు. దానికి కత్తిరింపుల అవసరం పెద్దగా లేదు, వదిలేస్తేనే అందంగా పెరుగుతుంది.

మోర్నింగ్ క్లోక్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆకులు తింటాయి, మందు కొట్టొద్దు దయచేసి, చెట్టుకి ఏమీ కాదు.

కరీంనగర్_అన్న (డల్లాస్)

దక్షిణం ల ఉన్నోళ్ళకి పాప్‌కార్న్ రోగం వస్తది కాయలకి. ఒక్కో గింజ ఉబ్బి పేలాలెక్క తెల్లగ అయితది. శిలీంధ్రం అది. చెట్టు సచ్చిపోదు, పంట పోతది. కింద పడ్డ కాయలు ఏరి పారెయ్యాలె, మరుసటేడు తగ్గుతది. కంపోస్ట్ ల వెయ్యకున్రి.

పెరటిచెట్టు (ఒహాయో)

కాయలు కోసేటప్పుడు పిల్లలు కొన్ని ఎర్రగా ఉన్నప్పుడే తినేస్తున్నారు, ఏమీ కాదు కదా?

లక్ష్మీతోట (మిషిగన్)

పచ్చివి తిననివ్వకండి, కడుపులో తిప్పుతుంది, కొందరికి వాంతులు కూడా. ఆకు పాలు చర్మానికి తగిలినా కొందరికి దురద. నల్లబడి, ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చేసేదే పండు. ఒక్కొక్కటీ కొయ్యక్కర్లేదు, కింద పాత దుప్పటి పరిచి కొమ్మ మెల్లగా ఊపితే పండినవే రాలతాయి. ఆ రోజే తినేయాలి లేకపోతే ఫ్రీజర్ లో పెట్టాలి, మర్నాటికి నీరైపోతాయి. అందుకే షాపుల్లో తాజా మల్బరీ కనపడదు. రుచి విషయానికొస్తే నా నాలుకకి తెల్లదాని పండు ఉత్త తీపి, ఎర్రదానికి తీపిలో పులుపు కలిసి ఉంటుంది, ఒకసారి అసలైనది తిన్నాక నాకు వేరేది నచ్చలేదు.

ఒంటారియో_తెలుగు

ఇక్కడి ఆదివాసులకి ఇది ఎప్పటి నుంచో తెలిసిన చెట్టు. అమెరికా ఆగ్నేయం వైపు చాక్టా తెగ స్త్రీలు లేత కొమ్మల లోపలి బెరడు నారతో పైవస్త్రాలు నేసుకునేవారు. కలప నేలలో పాతినా త్వరగా పుచ్చదు కాబట్టి తర్వాత వచ్చిన రైతులు ఫెన్స్ గుంజలకి వాడారు. కాయ ఒక్కటే కాదు, చెట్టు మొత్తం ఈ నేలది.

పెరటిచెట్టు (ఒహాయో)

సరే అయితే మా ప్లాన్ ఇది. పాత చెట్టు ఉంచుతాం, నేచురలిస్ట్ చెప్పేదాన్ని బట్టి. కొత్తది పెరట్లో రెండో చివర, తేమ ఉండే మూల నాటుతాం, నేటివ్ నర్సరీ నుంచి ఆడ మొక్క అంటు దొరికితే అది, దొరక్కపోతే గింజ మొలకలు మూడు నాలుగు. గింజల గురించి ఒక్కటే డౌట్, ప్రిజర్వ్ వాళ్ళు గింజలు ఇస్తే ఏం చెయ్యాలి, అలాగే మట్టిలో వెయ్యొచ్చా?

ఇంకోటి, ఇప్పుడు ఆకు రాలిపోతే చలికాలంలో గుర్తుపట్టే దారి లేదా?

మట్టివాసన (నార్త్ కరోలినా)

మూడు నాలుగు మొలకలు పెట్టడం మంచి ఆలోచన, ఒకటైనా ఆడది వచ్చే అవకాశం బాగా ఉంటుంది, మిగతావి పూత చూశాక తియ్యొచ్చు. మగది ఒకటి ఉంచుకోండి వీలైతే, గాలిలో కొంచెమైనా ఎర్రదాని పుప్పొడి ఉంటుంది.

గింజలకి చలి చూపించాలి. బాగా పండిన కాయలు నీళ్ళలో నలిపి, గుజ్జు తేలిపోనిచ్చి, అడుక్కి దిగిన గింజలు తీసి నీడలో ఆరబెట్టండి. తడి ఇసుకతో కలిపి జిప్ కవర్ లో వేసి ఫ్రిజ్ లో 30 నుంచి 90 రోజులు ఉంచండి, ఫ్రీజర్ లో కాదు. వసంతంలో సన్నటి మట్టిలో పైపైన చల్లి, గింజ కనపడకుండా ఉండేంత మట్టి మాత్రమే కప్పండి, గింజ చాలా చిన్నది, లోతుకి వేస్తే పైకి రాలేదు. సగం నీడలో పెట్టి మట్టి ఆరనివ్వకండి. ఇంత శ్రమ వద్దనుకుంటే ఆకురాలు కాలంలోనే కుండీలో చల్లి పైన మెష్ కట్టి బయట వదిలెయ్యండి, చలికాలం పని చలికాలమే చేస్తుంది, ఎలకలు తినకుండా చూసుకోండి చాలు.

చలికాలం గుర్తింపుకి మొగ్గలు చూడాలి. ఎర్ర మల్బరీ మొగ్గలు కొంచెం పెద్దవి, పొలుసుల అంచుకి ముదురు గీత ఉంటుంది, కొమ్మ నుంచి కాస్త బయటికి ఒరిగి ఉంటాయి. తెల్లదానివి చిన్నవి, ఒకే రంగు గోధుమ ఎరుపు, కొమ్మకి అతుక్కున్నట్టు ఉంటాయి. సంకరాల్లో ఇదీ కలగాపులగమే, కాబట్టి మొగ్గ చూసి అనుమానం పెట్టుకోండి, మే నెలాఖరులో ఆకు ముదిరాక తీర్పు చెప్పండి. చలికాలంలో మీ చెట్టు కొమ్మ కొసల ఫోటోలు దగ్గరగా తీసి ఇక్కడే పెట్టండి, ఒంటారియో గారూ నేనూ ఇద్దరం చూస్తాం.